రజితతో పెద్దమ్మ ఊరికి

ఆదిలాబాద్ పోయివచ్చామంటే ఎవరైనా మొదట జలపాతం ఎలా ఉందని అడుగుతారు. మేము జలపాతం చూడలేదు. నాలుగు రోజుల్లో మేము చూసినవి కొన్ని బస్టాండ్లు, ఒక బొగ్గుగని కాలనీ, రోడ్డు పక్కన కొంచెం టేకు అడవి, ఒక పత్తి చేను, ఒక ఇల్లు. ఆ ఇంటికోసమే వెళ్లాం. వెళ్లింది ఇద్దరం, నేనూ పదకొండేళ్ల రజితా.

రజిత అసలు పేరు అది కాదు. మేము వెళ్లిన ఊరి పేరు కూడా రాయను. మిగతాదంతా డైరీలో ఉన్నట్టే రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో ఒక సర్కారు దవాఖాన ల్యాబులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఉన్నది ఉన్నట్టు రాసివ్వడమే నా ఉద్యోగం. రిపోర్టు చూసి రోగి ఏడుస్తాడని షుగర్ తగ్గించి రాయలేం కదా. డైరీ అలవాటు కూడా అక్కడే పట్టుకుంది.

పదహారు నెలల కింద జిల్లా ఆఫీసు వాళ్లు రజితను మా ఇంట్లో ఉంచారు. ఇది దత్తత కాదు. మనసుకు పెద్ద దెబ్బలు తగిలి, ఆ బాధను అరిచి, కొట్టి, విసిరి చూపించే పిల్లలను హోముల్లో పెట్టకుండా, శిక్షణ ఇచ్చిన ఒక ఇంట్లో కొంతకాలం పెంచడం. వారానికొకసారి కౌన్సిలర్ వస్తుంది. మాకు ఆరు వారాలు నేర్పించారు. కాగితాల మీద దానికి పొడుగాటి పేరుంది. మా వీధిలో మాత్రం "మేడం ఇంట్ల పిల్ల" అంటారు. రజిత కూడా నన్ను మేడం అనే పిలుస్తుంది. ఇంకోలా పిలవమని మేము అడగలేదు, అడగొద్దన్నారు.

వాళ్ల అవ్వ, అంటే అమ్మ, చనిపోయింది. బాపు ఎటు పోయాడో తెలియదు. ఆ మధ్యలో కొన్నాళ్లు ఎవరో ఈ పిల్లను గదిలో పెట్టి బయట గొళ్లెం వేసేవాళ్లు. అంతకంటే రాయను. మా దగ్గరికి రాకముందు రెండు ఇళ్లలో ఉంచారు. ఒకరు నెలకు, ఇంకొకరు పదకొండు రోజులకు తిప్పి పంపారు.

మాకు నేర్పిన పద్ధతిలో మొదటి సూత్రం ఇది: జరగబోయేది ముందే చెప్పాలి, చెప్పిందే చేయాలి. మంచి సంగతైనా సరే, ఉన్నట్టుండి మీద పడేయకూడదు. అందుకే రోజూ పొద్దున ఒక కాగితం మీద ఆ రోజు జరిగేది నాలుగైదు వరుసల్లో రాసి రజితకు ఇస్తాను. ఒక్కొక్కటి అయిపోగానే తనే కొట్టేస్తుంది.

ఈ మధ్య ఆఫీసు వాళ్లకు రజిత పెద్దమ్మ దొరికింది. చనిపోయిన తల్లికి సొంత అక్క. ఆదిలాబాద్ అవతల పత్తి పండించుకునే ఇల్లు. ఆఫీసు వాళ్లు వెళ్లి ఇల్లు చూశారు, నేనూ ఫోన్లో మాట్లాడాను. ఇక పిల్లా ఆమే రెండు రోజులు కలిసి ఉండాలి, నేను రిపోర్టు రాయాలి. మా వయసు చూసి మా దగ్గర ఇంకో ఏడాదికి మించి ఉంచరు. పెద్దమ్మ వద్దంటే హైదరాబాద్‌లో పెద్ద గేటున్న హోముకు పంపుతారు. ఈ సంగతి రజితకు తెలుసు. దాచలేదు.

కరీంనగర్ బస్టాండ్

మా ఆయనకు మోకాళ్లు బాగాలేవు, ఇంట్లో ఉండిపోయాడు. బస్టాండులో జామకాయలు కిలో యాభై అన్నది ఒకామె, నలభైకి ఇచ్చింది. రజిత నాలుగు తిని రెండు సంచి అడుగున పెట్టుకుంది. నేను చూసి చూడనట్టున్నాను. ఆ రెండూ ఎందుకో నాకు తెలుసు.

ఇప్పుడు ఆడవాళ్లకు బస్సులో పైసలు లేవు. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ చేతిలో పెడతారు. అందుకే సీటు దొరకడమే పెద్ద పని. మంచిర్యాల బస్సులో మాకు కండక్టర్ వెనక సీటు దొరికింది. ఆమె నడివయసు మనిషి, అందరితో మాట్లాడుతూ టికెట్లు కొడుతున్నది.

"మనుమరాలా అమ్మా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోగా రజిత చెప్పింది. "కాదు. నేను మేడం ఆళ్లింట్ల ఉంట."

"ఉంటవా? కిరాయికా?"

"ఆఁ. కిరాయి గవర్మెంటు ఇస్తది."

కండక్టర్ నవ్వుతూ టికెట్ చింపింది. రజిత నవ్వలేదు, కానీ ఆ తర్వాత చాలాసేపు కిటికీలోంచి తల తిప్పకుండా సంతోషంగా కూర్చుంది. ఎవరన్నా నాకు ఏమవుతావని అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకుని పెట్టుకుందని నాకు అప్పుడు అర్థమైంది.

మందమర్రి

మొదటి రోజు మందమర్రిలో ఆగాం. నాతో పనిచేసి రిటైరైన నర్సు సుశీల అక్కడ గని కాలనీలో ఉంటుంది. ఒకే తీరు క్వార్టర్లు వరుసగా ఉంటాయి. ఒక్కొక్క వరుసలో ఎక్కడెక్కడి మనుషులో ఉంటారు. సుశీలకు ఎడమ పక్క ఇంట్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన వాళ్ల మనవలు, కుడి పక్కన ఉత్తరాది వాళ్లు. గంటలు చూసే పని లేదు, షిఫ్టు సైరన్ మోగితే కుక్కలు కూడా లేచి అటువైపు నడుస్తాయి. సుశీల చేపల పులుసు చేసింది. మా ఇంట్లో కంటే రెట్టింపు కారం. మధ్యాహ్నం ఆరేసిన తెల్ల టవల్ సాయంత్రానికి బొగ్గు దుమ్ముతో బూడిద రంగుకు మారడం నేను కళ్లారా చూశాను.

రజిత ఆరేళ్లదాకా ఇక్కడే, కాలనీ వెనక గుడిసెల్లో పెరిగింది. బాపు కాంట్రాక్టు కూలీ. ఆ చోటు చూస్తానన్నది, కాగితం మీద రాసుకున్నాం, వెళ్లాం. గుడిసెలు లేవు. కంచె, కంచె లోపల తుమ్మ చెట్లు ఉన్నాయి. రజిత కంచె వెంబడి అటూ ఇటూ నడిచి ఒక చోట ఆగింది.

"గీడ మా అవ్వ బట్టలు ఆరేస్తుండె."

అంతే అన్నది. తిరిగి వచ్చి కాగితం మీద ఆ వరుస కొట్టేసింది.

జన్నారం రాకముందు

రెండో రోజు పొద్దున నేను చేసిన తప్పు వివరంగా రాయాలి.

కాగితం మీద "మంచిర్యాల నుంచి ఉట్నూరు బస్సు" అని రాసి రజితకు ఇచ్చేశాను. అప్పుడు సుశీల అన్నది, "మా తమ్ముని కొడుకు కార్ల ఉట్నూరు పోతుండు. గా బస్సులల్ల ఆగమెందుకు? ఎక్కుండ్రి." నాకూ నడుము నొప్పి. రజితను అడిగాను. వద్దనలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పెట్టుకుంది. పదహారు నెలలుగా చూస్తున్నదాన్ని, ఆ మడతలు చూసే నాకు తెలియాలి.

లక్షెట్టిపేట దాటిన తర్వాత టేకు చెట్లు మొదలయ్యాయి. కారు వేగం అందుకోగానే నాలుగు తలుపులూ ఒకేసారి టక్కున లాక్ పడ్డాయి. రజిత తలుపు పిడి గుంజడం మొదలుపెట్టింది. ఆ వేగంలో తలుపు తెరుచుకుంటుందేమోనని నేను చెయ్యి పట్టుకున్నాను. అలా ఉన్నట్టుండి పట్టుకోవద్దని నేర్పించారు. నా ఎడమ మణికట్టు మీద కరిచింది. గట్టిగా కరిచింది.

కారు ఆగింది. రజిత దిగి చెట్లలోకి పరుగెత్తి, కొంత దూరంలో కూలబడింది. నేను వెళ్లి రెండు చేతుల దూరంలో టేకాకుల మీద కూర్చున్నాను. మాట్లాడకూడదు, వదిలి వెళ్లకూడదు. నా వాచీలో నలభై నిమిషాలు. సుశీల మేనల్లుడు మర్యాదస్తుడే. "మేడం, నాకు డ్యూటీ టైమైతుంది" అని మూడుసార్లు అన్న తర్వాత, నువ్వు పో నాయనా అని పంపేశాను.

శ్వాస నెమ్మదించాక చెప్పాను. "బస్సు అని రాసిచ్చి కారెక్కించిన. తప్పు నాది."

"తలుపు టక్కుమన్నది" అన్నది రజిత. నా చెయ్యి చూసి, "మస్తు గట్టిగ కరిచిన్నా?" అని అడిగింది.

"గట్టిగనే."

వచ్చిన మొదటి బస్సును చెయ్యెత్తి ఆపి జన్నారంలో దిగాం. టీ కొట్టామె నా చెయ్యి చూసి గాయం కడిగి పసుపు పెట్టింది. పక్క మందుల షాపులో కట్టు కట్టించుకున్నాను. "కోతి కరిచిందా అక్కా? ఈడ కోతులతోని మస్తు పరేషాన్. మొన్న నా చేతిలకెల్లి బన్ను గుంజుకపోయింది" అన్నది టీ కొట్టామె. టీ పది రూపాయలు, పసుపుకు ఏమీ తీసుకోలేదు. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అక్కడే మొదలైంది నా రెండో తప్పు.

పెద్దమ్మ ఇల్లు

ఉట్నూరులో బస్సు మారి ఆదిలాబాద్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ వేళ కూడా మనుషులు స్వెట్టర్లు తీయలేదు. మా కరీంనగర్ చలి ఇక్కడివాళ్లకు చలే కాదు. అక్కడినుంచి ఆటోలో ఊరికి వెళ్లాం. ఇరువైపులా నల్లరేగడిలో పత్తి విరగగాసి ఉంది. ఎదురైన ముసలాయన "రాం రాం" అన్నాడు. పిల్లలు ఒకావిడను "మావ్‌శీ" అని పిలుస్తుంటే రజిత ఆటో అతన్ని అడిగింది, అదేం పేరని. చిన్నమ్మను, పెద్దమ్మను ఇక్కడ చాలామంది అట్లనే అంటరు, మరాఠీ మాట అని చెప్పాడు. రజిత పెదవుల మీదే రెండుసార్లు అని చూసుకుంది.

పెద్దమ్మ పేరు శాంతాబాయి అనుకుందాం. యాభైకి దగ్గర, ఎండకు గట్టిపడ్డ మనిషి. గుమ్మంలో రజితను చూడగానే రెండు చేతులూ చాచి రెండడుగులు వేసి ఆగిపోయింది. చాచిన చేతులను కొంగుకు తుడుచుకుంది.

"ఆఫీసోళ్లు ముట్టుకోవద్దన్నరు" అన్నది నాతో.

"అడిగి ముట్టుకోవచ్చు."

"ఏమని అడగాలె?"

"బిడ్డా, నెత్తి మీద చెయ్యి పెట్టనా అని."

అడిగింది. రజిత ఆలోచించి, "రేపు" అన్నది. శాంతాబాయి సరేనంది. ఆమె భర్త విఠల్ కాళ్లకు నీళ్లు ఇచ్చాడు. మా వైపు పట్నాల్లో ఈ పద్ధతి పోయింది. ఇక్కడ ఇంటికి వచ్చినవాళ్లు కాళ్ల మీద నీళ్లు పోసుకోనిదే మాట మొదలవదు.

ఆ ఊళ్లో ఈ కాలంలో ఇళ్లలో మనుషుల కంటే పత్తికే చోటెక్కువ. ముందు గది సగందాకా పత్తి కుప్ప పోసి ఉంది. అమ్మేదాకా అక్కడే. మంచాలన్నీ వసారాలోకి వచ్చేశాయి.

కూర్చోగానే శాంతాబాయి నా చెయ్యి చూసింది. "అక్కా, చేతికేమైంది?"

రజిత నా పక్కనే ఉంది. ఆఫీసు వాళ్లు ఈమెకు "పిల్ల కొంచెం మొండి" అని మాత్రమే చెప్పారని నాకు తెలుసు. హైదరాబాద్ గేటు కళ్లముందు ఆడింది. ముప్పై నాలుగేళ్లలో ఒక్క రిపోర్టు మార్చనిదాన్ని, "జన్నారంల కోతి కరిచింది" అన్నాను.

శాంతాబాయి ఒక్క ఉదుటున లేచింది. "కోతా? కోతి కరిస్తె సూదులు వేయించాలె. పోయినేడు మా ఊళ్లె ఒకాయన అశ్రద్ధ చేసి ఆగమైండు. ఏమయ్యో, బండి తియ్యి. దవాఖాన బందువెట్టక ముందుగాలనే పోవాలె."

"పెద్ద గాయం కాదు" అన్నాను.

"చిన్నదైనా సూదులు సూదులే. నువ్వు దవాఖానల చేసినదానివి, నీకు నేను చెప్పాల్నా?"

విఠల్ బండి బయటికి తీసి స్టార్ట్ చేశాడు. కుక్క, కోతి కరిస్తే ఎన్ని సూదులు పడతాయో నాకంటే తెలిసినవాళ్లు ఆ ఊళ్లో ఉండరు. అవసరం లేని ఆ సూదులకు ఒప్పుకుని బండెక్కడమా, అబద్ధం చెప్పానని ఒప్పుకోవడమా అని నేను ఇంకా తేల్చుకోలేదు.

"కోతి కాదు" అన్నది రజిత. "నేనే కరిచిన."

విఠల్ బండి ఆపేశాడు.

రజిత నావైపు తిరిగింది. "ఎందుకు అబద్దం చెప్తున్నవ్ మేడం? ముందుగాల ఇండ్లోళ్లకు గూడ ఎవలు చెప్పలే. ఆళ్లకు ఎనుక తెలిసింది. తెలిసి పంపిండ్రు. ఈమెకు గూడ ఎనుకనే తెలుస్తది."

చివరి మాట అరుపైపోయింది. కాలికందిన నీళ్ల బిందెను తన్నింది. వసారా అంతా నీళ్లు. ఆ తడి కాళ్లతోనే ముందు గదిలోకి పరుగెత్తి పత్తి కుప్పలో పడి, మెడదాకా కూరుకుపోయి, ముఖం గోడవైపు పెట్టుకుంది.

"తడి కాళ్లతోని పత్తిల వడ్డది" అన్నాడు విఠల్. "తేమ ఉన్నదని మార్కెట్ల రేటు కోస్తరు."

"వడనియ్యి" అన్నది శాంతాబాయి. "ఆరదా పత్తి?"

నేను పత్తి కుప్పకు రెండు చేతుల దూరంలో కింద కూర్చున్నాను. శాంతాబాయి నన్ను చూసి, తనూ అంతే దూరంలో ఇంకో పక్కన కూర్చుంది. చాలాసేపటి తర్వాత పత్తిలోంచి రజిత, "ఆకలైతుంది" అన్నది.

జొన్న రొట్టె, శనగపిండితో ఉడికించే పిట్ల, పచ్చిమిర్చీ వెల్లుల్లీ దంచిన ఠేచా. వాటిని తింటుంటే నాకు ముక్కు కారింది, వాళ్లకు కారలేదు. తిన్న తర్వాత, ఇంకా వెలుగుండగానే, పిల్ల బర్రెను చూడటానికి వెనక్కి వెళ్లినప్పుడు శాంతాబాయి అడిగింది.

"అక్కా, కోతి అని ఎందుకన్నవ్?"

"నువ్వు వద్దంటవేమోనని."

"కోతి అంటె అవునంటనా? మా చెల్లె బిడ్డ నాకు గావాలె. గని అసలు ఎసొంటి పిల్లనో నాకు తెల్వాలె గద." తిన్న పళ్లేలు ఒకదాంట్లో ఒకటి పెడుతూ అన్నది, "పిల్లకున్న తెలివి నీకు లేకపాయె."

"నా దగ్గర పదహారు నెలల డైరీ ఉన్నది" అన్నాను. "రిపోర్టు కోసం తెచ్చిన. రేపు అంత చదివి వినిపిస్త."

చేనులో

నేను ముందు రజితను అడిగాను. ఆ డైరీలో ఉన్నవి తన సంగతులు. చదవొద్దంటే చదవను.

"నేను గూడ ఉంట" అన్నది. "తప్పు చదివితె చెప్త."

శాంతాబాయికి పత్తి ఏరే పని ఆగదు. కాబట్టి చేనులోనే మొదలుపెట్టాం. ఆమె నడుముకు ఒడి కట్టుకుని ఒక సాలు పట్టుకుంది. రజితకూ పాత చీర ముక్కతో ఒడి కట్టి పక్క సాలులో నిలబెట్టింది. నేను వాళ్లతో పాటు సాళ్ల మధ్య నడుస్తూ చదివాను. అరవై ఆరేళ్ల వయసులో నడుస్తూ చదవడం కొత్త పని. రెండుసార్లు తట్టుకుని పడబోయాను.

"ఏడో రోజు. అన్నం పళ్లెం గోడకు విసిరింది."

"గోడకు కాదు, కిటికీకి" అన్నది రజిత పత్తి తీస్తూ.

నేను ఆగి పెన్నుతో దిద్దాను.

"ఇసిరినప్పుడు నువ్వేం జేసినవ్?" అని అడిగింది శాంతాబాయి.

"ఏం చేయలేదు. వేరే పళ్లెంల అన్నం పెట్టి పక్కన పెట్టిన."

"తిట్టలే?"

"లే. అంత అయినంక ఇద్దరం కలిసి తుడిచినం."

"తొంభై రెండో రోజు. మంచం కింద పదకొండు చపాతీలు. బూజు పట్టినయి."

శాంతాబాయి చెయ్యి ఆగింది. "ఎందుకు దాసుకున్నవ్ బిడ్డా?"

"రేపు వెట్టకపోతే?"

శాంతాబాయి మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. మూడు చెట్లు దాటిన తర్వాత, "మరి ఇప్పుడు?" అని అడిగింది.

"ఇప్పుడు జామకాయలే. రెండే."

అలా పొద్దంతా చదివాను. స్కూల్లో ఒక పిల్ల జుట్టు పీకిన రోజు. స్నానాల గది తలుపు గాలికి మూసుకుంటే అద్దం పగలగొట్టిన రోజు. మా ఆయన కళ్లజోడు తొక్కేసిన రోజు. అక్కడ రజిత తల ఎత్తలేదు, కానీ సాలు వదిలి పోలేదు. శాంతాబాయి ప్రతిదానికీ అడిగింది: ఏ వేళకు, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు, ఎట్ల తగ్గింది. కొన్ని పేజీలు రెండోసారి చదివించుకుంది. నేను ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పాను. ఇంత పద్ధతిగా అడిగినవాళ్లు తక్కువ.

"నూట నలభయ్యో రోజు. ఏమీ జరగలేదు."

"ఏమీ జరగలేదంటే?"

"ఏమీ జరగకపోవుడే. అది మొదటిసారి."

"గా రోజు నేను దోశ పోసిన" అన్నది రజిత. "గది రాయలే నువ్వు."

అది కూడా రాశాను.

మధ్యాహ్నం గట్టు మీద తింటున్నప్పుడు రజిత తనంతట తానే, "ఇప్పుడు వెట్టు" అని తల వంచింది. శాంతాబాయి చేతికి పత్తికాయల గీతలు. ఆ చెయ్యి పిల్ల నెత్తి మీద ఎక్కువసేపు ఉంచలేదు.

అవునా కాదా

నాలుగో రోజు మేము బయల్దేరాలి. విఠల్ వచ్చి నా ముందు కూర్చున్నాడు. రెండు రోజులూ ఎక్కువ మాట్లాడని మనిషి.

"అమ్మా, నేను సీదగ చెప్త. నాకు కోపమెక్కువ. గా పిల్ల ఇసిరితె నేను చెయ్యి లేపుత."

"చెయ్యి లేపితె పిల్లను ఈ ఇంట్ల ఉంచరు" అన్నాను.

"లేపితె ఈయన బైట మూడు రాళ్లు వెట్టుకోని వండుకుంటడు" అన్నది శాంతాబాయి.

"నువ్వు వండింది తినుడు గంతకంటె కష్టమే" అన్నాడు విఠల్. తర్వాత నాతో, "నేర్సుకోవాలె అంటున్న అమ్మా. రాదు అంటలేను" అన్నాడు.

రజిత గుమ్మంలో నిలబడి ఉంది. "అవునా కాదా చెప్పుండ్రి" అన్నది.

శాంతాబాయి పిల్లకెదురుగా, రెండు చేతుల దూరంలో కూర్చుంది.

"ఇయ్యాల అవునంటె నాకు అల్కనే, కష్టమేం లేదు బిడ్డా. నువ్వు ఖుషీ, నేను ఖుషీ. నెల తర్వాత నాతోని కాకపోతె? ఇంకోసారి నిన్ను వాపసు పంపుడు నేను చెయ్య. అందుకే ఇయ్యాల అవునన. కాదని గూడ అన. పత్తి రెండో ఏరుడు అయినంక నేను కరీంనగర్ వస్త. పదిహేను దినాలు మేడం ఇంట్ల ఉండి, నిన్ను జూసుకునుడు నేర్సుకుంట. అప్పుడు చెప్త."

రజిత ఎదురుచూసిన రెండు జవాబుల్లో ఇది ఏదీ కాదు. ఊపిరి వేగం పెరిగింది, పిడికిళ్లు బిగిశాయి. నేను చుట్టూ చూసి, విసరడానికి ఏమున్నాయో లెక్కపెట్టుకున్నాను. పిల్ల తలుపు రెక్కను కాలితో ఒకసారి తన్నింది. రెండోసారి తన్నలేదు.

"ఏ రోజు?" అన్నది.

శాంతాబాయి భర్త వైపు చూసింది. ఇద్దరూ కూలీలు దొరికే రోజులు, పత్తి బండి పోయే రోజు వేళ్ల మీద లెక్కేసుకుని ఒక సోమవారం చెప్పారు. రజిత దాన్ని నా చేత డైరీలో రాయించింది.

తిరుగు ప్రయాణం

తిరిగి నిర్మల్ మీదుగా నేరుగా వచ్చే బస్సెక్కాం. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వెనక సీట్లో ఒకామె వాంతి చేసుకుంటే రజిత తన సంచిలో ఉన్న ప్లాస్టిక్ కవర్ తీసిచ్చింది. నిర్మల్‌లో మిర్చి బజ్జీ తిన్నాం, నాలుగు ఇరవై రూపాయలు, ఉల్లిగడ్డ ముక్కలు విడిగా ఇస్తారు. జగిత్యాల దాటాక రజిత అడిగింది.

"ఆమె రాకపోతె?"

తప్పక వస్తుందని నోటిదాకా వచ్చింది. "నాకు తెల్వదు" అన్నాను. "రాకపోతె నేను ఫోన్ చేసి ఎందుకు రాలేదో అడుగుత. అడిగింది నీకు చెప్త. ఆఫీసోళ్లను ఇంకా టైమడుగుత. హోముకు పంపేది ఉంటె ముందు నాతోని కొట్లాడాలె."

"నువ్వు కొట్లాడుతవా?"

"రాసి కొట్లాడుత."

మర్నాడు రిపోర్టు రాశాను. కారు సంగతి, కరిచిన సంగతి, కోతి అని నేను చెప్పిన అబద్ధం, దాన్ని పిల్ల సరిదిద్దిన తీరు, బిందె, పత్తి, శాంతాబాయి అడిగిన ప్రశ్నలు, ఆమె పెట్టిన గడువు. ఆఫీసులో చదివినాయన మొహమాటపడ్డాడు. "మీ గురించి గిదంత రాయకున్నా నడుస్తుండె మేడం" అన్నాడు. నడవదని చెప్పాను. పెద్దమ్మ ఎందుకు పనికొస్తుందో ఆ పేజీ లేకపోతే ఎవరికీ అర్థం కాదు. శాంతాబాయి వచ్చి వెళ్లేదాకా హోము మాట ఎత్తకూడదని కూడా రాసి సంతకం చేశాను. ఇలాంటి పిల్లల సంగతి తేల్చే జిల్లా కమిటీ ఒప్పుకుంది.

ఆ సోమవారం

ఆ రోజు పొద్దున రజిత పాల గిన్నె గోడకు విసిరింది. కారణం అడగలేదు. ఇద్దరం కలిసి తుడిచాం. బస్టాండుకు గంట ముందే పోదామంది. చెప్పిన టైముకే పోదామన్నాను, ఆ టైముకే పోయాం.

ఆదిలాబాద్ నుంచి వచ్చిన మొదటి బస్సులోంచి దిగినవాళ్లలో శాంతాబాయి లేదు. రజిత ఒక్కొక్క మొహం చూసింది, డ్రైవర్ దిగేదాకా చూసింది. నా డైరీలో ఆ తర్వాత గంటా పది నిమిషాలకు ఒక్క వరుస కూడా లేదు. మేమిద్దరం సిమెంటు బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఏమీ తినలేదు.

రెండో బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. జనం దిగడం అయిపోవస్తున్నప్పుడు మెట్ల మీద ముందు ఒక పెద్ద మూట కనిపించింది, దాని వెనక శాంతాబాయి. మూట అంచునుంచి రొట్టెలు కాల్చే ఇనుప పెంక బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఆమె కాలు ఇంకా కింద ఆనలేదు. రజిత జనంలోంచి తోసుకుంటూ వెళ్లి మెట్ల ముందు నిలబడింది.

"పొద్దుగాల నేను పాల గిన్నె ఇసిరేసిన" అన్నది. "ముందే చెప్తున్న."

శాంతాబాయి పైమెట్టు మీదనుంచి పిల్లను కిందినుంచి పైదాకా చూసింది.

"సరే" అన్నది. "ఇంటికి పోయినంక వివరంగ చెప్పు. ముందుగాల గీ మూట వట్టు."